ఫైర్ స్టేషన్‌లో క్రమశిక్షణ చర్య: న్యాయంగా, కోర్టులో నిలిచేలా ఎలా నడపాలి?

ఫైర్ స్టేషన్ మామూలు ఆఫీసు లాంటిది కాదు. షిఫ్టులో ఉన్నవాళ్లంతా ఒకేచోట తింటారు, ఒకే హాల్లో నడుం వాలుస్తారు, బెల్ మోగితే ఒకే బండెక్కుతారు. అందుకే ఇక్కడ ఎవరైనా తప్పు చేస్తే చాలాసార్లు అందరూ కలిసి కప్పిపుచ్చుతారు. లేదంటే ఆఫీసరుకి ఒళ్లు మండి అక్కడికక్కడే ‘చూసుకుంటారు’. మొదటి దారిలో ఫిర్యాదు చేసినవాళ్లు స్టేషన్‌లో ఒంటరవుతారు. రెండో దారిలో వెళితే, తప్పు చేసినవాడు కోర్టుకెక్కి పాత జీతం బకాయిలతో సహా తిరిగొచ్చే అవకాశం ఉంది.

మన దగ్గరే కాదు, ఎక్కడైనా ఇదే సమస్య. 2022 నవంబరులో నజీర్ అఫ్జల్ నేతృత్వంలో వచ్చిన సమీక్ష లండన్ ఫైర్ బ్రిగేడ్‌లో స్త్రీద్వేషం, జాతివివక్ష వ్యవస్థలోనే పాతుకుపోయాయని తేల్చింది. 2024 ఆగస్టులో ఇంగ్లండ్‌లో ఫైర్ సర్వీసులను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ, అవి దుష్ప్రవర్తన కేసులను ఎలా నడుపుతున్నాయన్న దాని మీదే విడిగా ఒక నివేదిక ఇవ్వాల్సి వచ్చింది.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఫైర్ సర్వీసుల్లో రెగ్యులర్ ఉద్యోగి మీద చర్యకు ఆధారం మూడు: ఉద్యోగి ఎలా నడుచుకోవాలో చెప్పే 1964 నాటి ప్రవర్తనా నియమాలు, చర్య ఎలా తీసుకోవాలో చెప్పే 1991 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) రూల్స్, వీటన్నిటి పైన, విచారణ లేకుండా ఉద్యోగం తీసేయకూడదనే రాజ్యాంగం 311వ అధికరణ. స్టేషన్ ఫైర్ ఆఫీసర్లకూ, జిల్లా అధికారులకూ, విచారణ ఎదుర్కొంటున్న ఫైర్‌మన్‌కూ పనికొచ్చేలా వరసగా చెప్తాను.

1. ముందు అది తప్పిదమా, దుష్ప్రవర్తనా తేల్చుకోండి

మంటల దగ్గర సెకన్లలో నిర్ణయాలు తీసుకుంటారు. నిచ్చెన తప్పు వైపు వేశారు, హోస్ చాలక ఇంకొకటి కలపడానికి ఆలస్యమైంది, లోపల ఎవరూ లేరనుకున్నారు, ఉన్నారు. వీటిలో చాలావరకు శిక్షణ లోపాలు, పరికరాల లోపాలు, లేదా పొగలో ఎవరికైనా జరిగే పొరపాట్లు. యూనియన్ ఆఫ్ ఇండియా వర్సెస్ జె. అహ్మద్ కేసులో 1979లోనే సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. సామర్థ్యం చాలకపోవడం, అత్యున్నత ప్రమాణాన్ని అందుకోలేకపోవడం వాటంతటవే దుష్ప్రవర్తన కావని చెప్పింది.

మూడు ప్రశ్నలు వేసుకుంటే దారి తెలుస్తుంది. ఆ పని చేయకూడదని ఉద్యోగికి తెలుసా? తెలిసీ చేశాడా? అదే శిక్షణ, అదే పరికరాలు ఉన్న మరో ఫైర్‌మన్ ఆ క్షణంలో వేరేగా చేసి ఉండేవాడా? మూడింటికీ అవునంటే క్రమశిక్షణ వైపు వెళ్లండి. లేకపోతే డ్రిల్లు పెంచండి, పంపు బాగుచేయించండి.

ఘటన తర్వాత అందరూ కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకునే సమావేశాన్ని మాత్రం విచారణగా మార్చకండి. అక్కడ ‘నేనే వాల్వ్ తెరవడం మర్చిపోయాను సార్’ అన్నవాడికి మర్నాడు మెమో ఇస్తే, ఆ స్టేషన్‌లో ఇంకెవరూ నోరు విప్పరు. తర్వాతి అగ్నిప్రమాదంలో అదే వాల్వ్ మళ్లీ మూసే ఉంటుంది.

2. మొదటి గంటలో కాగితం మీద పెట్టండి

నా లెక్కలో కేసు నిలబడేదీ, కూలిపోయేదీ ఇక్కడే. రాత్రి షిఫ్టుకి డ్రైవర్ ఆపరేటర్ తాగి వచ్చాడనుకుందాం. ‘మద్యం సేవించి విధులకు హాజరయ్యాడు’ అని పొద్దున ఒక్క వాక్యం రాసి పైకి పంపితే అది సాక్ష్యం కాదు, మీ అభిప్రాయం. 1971లో ఒక క్రిమినల్ కేసులో సుప్రీంకోర్టు, నోటి వాసన, తూలడం, కనుపాపలు పెద్దవవడం మాత్రమే సరిపోవంది. రక్తమో మూత్రమో పరీక్ష చేయించకపోవడాన్ని లోపంగా ఎత్తిచూపింది. శాఖాపరమైన విచారణలో అంత గట్టి రుజువు అక్కర్లేదు. కానీ పక్కనే ప్రభుత్వాసుపత్రి ఉండగా ఎందుకు పంపలేదని ఉద్యోగి తరఫువాళ్లు అడిగితే మీ దగ్గర జవాబుండాలి.

అందుకని వెంటనే ఆయన్ని డ్రైవింగ్ నుంచి తప్పించండి. ఇద్దరిని తోడిచ్చి, ఉత్తరంతో డాక్టర్ దగ్గరికి పంపండి. పరీక్షకు ఒప్పుకోకపోతే ఆ సంగతి డాక్టర్ చేతే రాయించండి. రోల్ కాల్ రిజిస్టరు, వాచ్ రూమ్ డైరీ, బండి లాగ్ బుక్ ఆ రోజు పేజీలు జిరాక్స్ తీయించి సంతకం చేసి పెట్టుకోండి. సీసీ కెమెరాలుంటే ఫుటేజీ అదే రోజు కాపీ చేయించండి, కొన్నాళ్లకు దాని మీదే కొత్తది రికార్డయిపోతుంది. 101 కాల్‌కి ఆలస్యంగా కదిలారన్నది ఆరోపణైతే కంట్రోల్ రూమ్ రికార్డింగు భద్రపరచమని వెంటనే రాయండి. చూసినవాళ్లు తాము చూసింది తమ మాటల్లో, విడివిడిగా రాయాలి. నలుగురి స్టేట్‌మెంట్లలో కామాతో సహా ఒకే వాక్యం ఉంటే ఎవరు డిక్టేట్ చేశారో చిన్నపిల్లాడైనా చెప్తాడు.

ఒక ముఖ్యమైన సంగతి. లాగ్ బుక్‌లో తర్వాత దిద్దకండి. పొరపాటు రాసి ఉంటే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీతో సంతకం పెట్టండి.

3. చాటు శిక్షలు వద్దు

వీక్లీ ఆఫ్ కోసేయడం, ఎండలో నిలబెట్టడం, నెలరోజులు వరసగా సెంట్రీ వేయడం, పరేడ్‌లో అందరి ముందూ తిట్టడం. ‘రూల్స్ కంటే ఇవే బాగా పనిచేస్తాయి’ అనే సీనియర్లు ప్రతి జిల్లాలోనూ ఉంటారు. ఇవి ఏ నియమంలోనూ లేని శిక్షలు. పైగా తర్వాత నిజంగా చర్య తీసుకున్నప్పుడు ‘ఆఫీసరుకి నా మీద కక్ష’ అని చెప్పుకోడానికి ఉద్యోగికి మీరే ఆధారం ఇచ్చినట్టవుతుంది. నోటితో మందలించవచ్చు, దానికి కాగితం అక్కర్లేదు. గదిలోకి పిలిచి, తలుపేసి చెప్పండి.

4. సస్పెన్షన్ అవసరమా?

విచారణ తేలేలోగా చేసే సస్పెన్షన్ శిక్ష కాదు. సాక్షులను బెదిరిస్తాడనో, రికార్డులు మారుస్తాడనో, ఉంటే స్టేషన్‌కే ప్రమాదమనో అనుమానం ఉన్నప్పుడు వాడేది. అంత అవసరం లేకపోతే వేరే స్టేషన్‌కో, బండికి సంబంధం లేని పనికో మార్చితే చాలు. లంచం కేసులో ఏసీబీ అరెస్టు చేసి కస్టడీ 48 గంటలు దాటితే మాత్రం నియమాల ప్రకారం సస్పెండయినట్టే లెక్క. భవనాలకు ఎన్‌ఓసీలు (నిరభ్యంతర పత్రాలు) ఇచ్చే శాఖ కాబట్టి ఆ మాట చెప్పకుండా దాటలేం.

సస్పెండ్ చేశాక ఫైలు మూలన పడేయకూడదు. అజయ్ కుమార్ చౌదరి కేసులో 2015లో సుప్రీంకోర్టు, మూడు నెలల్లో ఛార్జ్ మెమో, అంటే అభియోగాల పత్రం ఇవ్వకపోతే సస్పెన్షన్ ఆపై కొనసాగకూడదంది. మెమో ఇచ్చి ఉంటే, పొడిగించడానికి కారణాలు రాసిన ఉత్తర్వు ఉండాలి. ఆ కాలంలో జీవనభృతి నెలనెలా అందేలా చూడండి. అది ఆపి ‘విచారణకు రా’ అంటే, బస్ చార్జీలకే డబ్బుల్లేనివాడు రాలేదన్న కారణంతో మీరు ఏకపక్షంగా ముగించిన విచారణ కొట్టేయవచ్చు. 1973లో మధ్యప్రదేశ్ కేసొకటి సరిగ్గా ఇలాగే పోయింది.

5. ఛార్జ్ మెమో

సీసీఏ రూల్స్‌లో చిన్న శిక్షకు 22వ రూలు, పెద్ద శిక్షకు 20వ రూలు. ఏ దారో మొదటే నిర్ణయించాలి. 22 కింద మొదలుపెట్టి డిస్మిస్ చేయడం కుదరదు.

మెమోలో తేదీ, సమయం, చోటు, చేసిన పని, ఏ నియమానికి విరుద్ధమో ఉండాలి. ‘విధి నిర్వహణలో అలసత్వం వహించి శాఖకు చెడ్డపేరు తెచ్చాడు’ అన్న వాక్యానికి ఎవరూ జవాబు చెప్పలేరు. ‘ఫలానా తేదీ రాత్రి 11.40కి కాల్ వచ్చినప్పుడు బండి నడిపే స్థితిలో లేనందున వేరే స్టేషన్ నుంచి బండి పంపాల్సి వచ్చింది’ అంటే జవాబు చెప్పగలరు. దానికి జోడించిన పత్రాల జాబితా, సాక్షుల జాబితా కూడా ఇవ్వండి. పత్రాల కాపీలు అడిగే దాకా ఆగకుండా ముందే ఇచ్చేస్తే ఆరు నెలల ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి.

‘నువ్వు దోషివి, ఎందుకు డిస్మిస్ చేయకూడదో చెప్పు’ అని మెమోలోనే రాసేస్తే విచారణ నాటకమేనని మీరే ఒప్పుకున్నట్టు. పాత రికార్డును శిక్షకు లెక్కలోకి తీసుకోవాలనుకుంటే ఆ సంగతి కూడా ముందే తెలియజేయాలి. సుప్రీంకోర్టు మంచేగౌడ కేసు నుంచి, అంటే 1960ల నుంచి ఉన్న నియమమిది.

లైంగిక వేధింపుల ఫిర్యాదైతే మామూలు విచారణాధికారి దగ్గరికి పంపకండి. 2013 చట్టం కింద అంతర్గత కమిటీకే వెళ్లాలి, మామూలుగా ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు, 90 రోజుల్లో విచారణ. కులం పేరుతో దూషణ జరిగితే అది పోలీసు కేసు కూడా. ‘స్టేషన్ పరువు పోతుంది, రాజీ చేసేద్దాం’ అనే పెద్దమనిషి తరహా ఇక్కడ చెల్లదు. ఫిర్యాదు చేసినవాళ్లను వేరే ఊరికి బదిలీ చేసి సమస్య తీరిందనుకోవడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

6. విచారణ

విచారణాధికారి ఫిర్యాదుదారు కాకూడదు, సాక్షి కాకూడదు, ఆ రోజు షిఫ్టుకి ఇన్‌ఛార్జి అసలే కాకూడదు. శాఖ తరఫు వాదన చెప్పడానికి ప్రెజెంటింగ్ ఆఫీసరు వేరే ఉంటారు. ఇద్దరి పనీ ఒకరే చేస్తే ఎలా ఉంటుందో సరోజ్ కుమార్ సిన్హా కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది: విచారణాధికారి తటస్థుడు, శాఖ ప్రతినిధి కాదు.

సాక్షిని పిలిచి చెప్పించాలి. ఉద్యోగికి అడ్డుప్రశ్నలు వేసే అవకాశమివ్వాలి, సహాయకుణ్ని తెచ్చుకోనివ్వాలి. పత్రం ఫైల్లో ఉన్నంత మాత్రాన రుజువైపోదు. రాసినవారో, దాన్ని భద్రపరిచినవారో వచ్చి చెప్పాలి. మన శాఖలో ఒక చిక్కుంది. సాక్షులు 24 గంటల డ్యూటీ దిగి నిద్రలేని కళ్లతో వస్తారు, లేదా విచారణ మధ్యలో కాల్ వస్తుంది. వాళ్ల ఆఫ్ రోజులు చూసి తేదీలు వేయండి. కాల్ వచ్చి వాయిదా పడితే ఆ కారణం రోజువారీ షీట్‌లో రాసి అందరి సంతకాలు తీసుకోండి.

రుజువు ఎంత ఉండాలి? క్రిమినల్ కోర్టులోలాగా సందేహానికి తావులేనంత అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ శ్రీరామారావు, 1963: శాఖాపరమైన విచారణకు ఆ కొలత వర్తించదు, నిర్ణయానికి ఆధారంగా ఏదో ఒక సాక్ష్యం ఉంటే హైకోర్టు అప్పీలు కోర్టులా దాన్ని మళ్లీ తూచదు. అంటే బాధ్యత మొత్తం విచారణాధికారి మీదే ఉందని అర్థం.

కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తున్నా శాఖ విచారణ సాధారణంగా పక్కపక్కనే సాగవచ్చు. రెండింటికీ ఒకే సాక్ష్యమై, కేసు తీవ్రమైనదీ చిక్కైనదీ అయితే ఆపడం మంచిదన్నది 1999 నాటి పాల్ ఆంథోనీ తీర్పు. గడువు విషయానికొస్తే, 2015లో ప్రేమ్‌నాథ్ బాలి కేసులో సుప్రీంకోర్టు వీలైతే ఆరు నెలల్లో, ఎంత ఆలస్యమైనా ఏడాదిలో ముగించమంది.

7. నివేదిక కాపీ ఇవ్వండి

దీనికి మూలమైన తీర్పు హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్ కేసులోదే. 1993లో కరుణాకర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, శిక్షపై నిర్ణయానికి ముందు విచారణ నివేదిక ఉద్యోగి చేతికివ్వాలనీ, దానిమీద అతను చెప్పేది వినాలనీ తీర్పిచ్చింది. విచారణాధికారి ‘రుజువు కాలేదు’ అన్నా మీరు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఎందుకు ఒప్పుకోవట్లేదో రాసి, అది కూడా ఉద్యోగికి పంపి జవాబు తీసుకున్నాకే ముందుకెళ్లాలి.

8. శిక్ష

ముందు అధికారం ఎవరిదో చూసుకోండి. నియమించిన అధికారి కంటే కిందివారు ఉద్యోగం నుంచి తొలగించలేరు, 311 మొదటి మాటే అది. తర్వాత పాత ఫైళ్లు తీయండి. ఇదే తప్పుకి పక్క జిల్లాలో అభిశంసనతో (రాతపూర్వక మందలింపుతో) వదిలేసి, ఇక్కడ డిస్మిస్ చేస్తే కారణం రాయగలగాలి. ఒకే ఘటనలో ఇద్దరున్నప్పుడు ఒకరికి ఇంక్రిమెంటు మాత్రమే ఆగి, ఇంకొకరికి ఉద్యోగమే పోతే ప్రశ్న తప్పకుండా వస్తుంది. అభిశంసన, ప్రమోషన్ ఆపడం, నష్టం రికవరీ, తాత్కాలికంగా ఇంక్రిమెంటు ఆపడం చిన్న శిక్షలు. అదే ఇంక్రిమెంటును భవిష్యత్తు జీతం మీద కూడా ప్రభావం ఉండేలా ఆపితే అది పెద్ద శిక్షే, పూర్తి విచారణ కావాలి. ఈ తేడా తెలియక వేసిన శిక్షలు ఎన్నో అప్పీల్లో పోతుంటాయి.

తాగి వచ్చిన మన డ్రైవర్ విషయంలో, మొదటిసారే అయితే నేను ఉద్యోగం తీసేయను. ఇంక్రిమెంటు ఆపి, మద్యం మానిపించే వైద్యం చేయించుకోమని రాసి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చేదాకా స్టీరింగ్ ఇవ్వను. కాల్‌కి వెళ్లి బండి బోల్తా కొట్టించి మనిషి చనిపోతే లెక్క వేరు.

9. ఉత్తర్వు ఇచ్చాక

ఉత్తర్వులో ప్రతి అభియోగానికీ సాక్ష్యం, ఉద్యోగి జవాబు, మీ కారణం రాయండి. అప్పీలు ఎవరికి, ఎన్నాళ్లలోపు చేసుకోవాలో చివర్న రాయండి. కాపీ స్వయంగా అందించి తేదీతో సంతకం తీసుకోండి, తీసుకోనంటే సాక్షుల ముందు ఆ మాట రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. స్టేషన్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

శిక్ష అనుభవించి తిరిగొచ్చినవాణ్ని, ఫిర్యాదు చేసినవాణ్ని ఒకే షిఫ్టులో వేస్తే మొదటి రెండు నెలలు గమనిస్తూ ఉండండి. సాక్ష్యం చెప్పిన ఫైర్‌మన్‌కి డ్యూటీ చార్టులో హఠాత్తుగా రాత్రులే పడుతున్నాయంటే చార్టు రాసిన లీడింగ్ ఫైర్‌మన్‌ని పిలిచి ఎందుకో అడగండి.