మాజ్దా ఎంఎక్స్-5లో అరిగిన గేర్ రాడ్ బుష్ మార్చుకునే పద్ధతి

మాజ్దా ఎంఎక్స్-5 మొదటి రెండు తరాల కార్లలో, అంటే 1989 నుంచి 2005 వరకు తయారైన వాటిలో, గేర్ రాడ్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య కేబుళ్లు ఉండవు. రాడ్ అడుగు కొన గేర్‌బాక్స్ మీదున్న అల్యూమినియం గూటిలోకి నేరుగా దిగి లోపలి కడ్డీని కదుపుతుంది. గేరు పడినప్పుడు చేతికి అంత స్పష్టంగా తెలియడానికి కారణం ఈ అమరికే. ఆ కొనకు తొడిగిన చిన్న నైలాన్ బుష్, అంటే కొన వదులు కాకుండా పట్టి ఉంచే గొట్టంలాంటి తొడుపు, అరిగితే ఆ స్పష్టత పోతుంది. ఇక్కడ చెబుతున్నది అయిదు గేర్ల కారు గురించి మాత్రమే.

ముందు లోపం బుష్‌దేనని నిర్ధారించుకోవాలి. ఇంజన్ ఆపి, ఏదో ఒక గేరులో ఉంచి, రాడ్‌ను పక్కలకు కదిపినప్పుడు వదులుగా ఊగితే, లేదా వేగంగా వెళ్తున్నప్పుడు వచ్చే గలగల శబ్దం రాడ్ మీద చెయ్యి వేయగానే ఆగిపోతే, బుష్ అరిగిందని భావించవచ్చు. గేరు వేస్తుంటే పళ్లు ఒరుసుకున్న శబ్దం వస్తే మాత్రం అది సింక్రోలదో (గేర్లు కలిసే ముందు వాటి వేగాలను సమం చేసే రింగులు) క్లచ్‌దో అయిన లోపం. బుష్ మార్చినంత మాత్రాన అది పోదు.

బుష్ ఒక్కటే కొనడం సరికాదని నా గట్టి అభిప్రాయం. గూటిని మూసి ఉంచే చిన్న రబ్బరు తొడుగు, దానిపైన ఉండే పెద్ద తొడుగు కూడా వేడికి పగిలిపోతాయి. అవి పగిలితే దుమ్ము లోపలికి దిగి కొత్త బుష్‌ను కూడా త్వరగా తినేస్తుంది. ఇత్తడి బుష్‌లు కూడా దొరుకుతాయి కానీ, అవి గేర్‌బాక్స్ కంపనాన్ని చేతికి ఎక్కువగా చేరవేస్తాయి కాబట్టి, రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు నైలానే మేలు. వీటితోపాటు 75డబ్ల్యూ-90 జీఎల్-4 గేర్ ఆయిల్, పొడవు గొట్టం ఉన్న సిరంజి, 10, 12 మిల్లీమీటర్ల సాకెట్లు దగ్గర ఉంచుకోవాలి.

కారు పూర్తిగా చల్లారాక సమతలంలో నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ పైకి లాగి, రాడ్‌ను న్యూట్రల్‌లో ఉంచండి. డిక్కీలో ఉన్న బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. గేర్ నాబ్‌ను అపసవ్య దిశలో తిప్పి తీశాక, సీట్ల మధ్య ఉండే కన్సోల్ స్క్రూలన్నీ విప్పి, దాని కింద ఉన్న తీగల కనెక్టర్లు ఊడదీసి, వెనక వైపు నుంచి మెల్లగా ఎత్తండి. పెద్ద తొడుగును పట్టి ఉంచే నాలుగు బోల్టులు, ఆపై చిన్న తొడుగు లోహపు అంచుకున్న మూడు బోల్టులు తీస్తే రాడ్ పైకి వస్తుంది. తీసేముందు రాడ్ ఏ వైపు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోండి. రాడ్ మధ్యలో ఉండే గుండ్రటి భాగం, అంటే గుండు, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కప్పు, అలల్లా వంగిన స్ప్రింగ్ వాషర్ ఏ వరుసలో వచ్చాయో ఫోటో తీసుకోండి.

రాడ్ కొనకు బుష్ కనిపించకపోతే అది గూటిలోనే ఉండిపోయిందని అర్థం. విరిగిన నైలాన్ ముక్కలను అయస్కాంతం పట్టదు కనుక, పొడవాటి పట్టకారుతో ఒక్కొక్కటిగా ఏరి, అన్నీ కలిపితే పూర్తి బుష్ అవుతోందో లేదో చూసుకోవాలి. పని ఆపినప్పుడల్లా ఆ రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో కప్పండి.

చాలామంది వదిలేసేది గూటిలోని ఆయిల్. దాని నిల్వ వేరు. గేర్‌బాక్స్ ఆయిల్ కింది నుంచి తీసి మార్చినా గూటిలోది మారదు, కాబట్టి ఏళ్ల తరబడి అలాగే నల్లబడి ఉంటుంది, లేదా పూర్తిగా ఎండిపోయి ఉంటుంది. పాతదాన్ని సిరంజితో తోడేసి, నూలు రాలని గుడ్డతో తుడిచి, సుమారు 90 మిల్లీలీటర్ల కొత్త ఆయిల్ పోయండి.

కొత్త బుష్‌కు, గుండుకు పల్చగా గ్రీజు రాసి, తీసిన వరుసకు తిరగేసి అమర్చండి. బోల్టులు అల్యూమినియంలోకి దిగుతాయి. ముందు చేత్తో తిప్పి, ఆ తర్వాత 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల వరకే బిగించాలి, మించితే మరలు చెడతాయి. కన్సోల్ మూయకముందే, ఇంజన్ ఆపి ఉండగానే, క్లచ్ తొక్కి రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత నడిపేటప్పుడు రాడ్ మొదట్లోంచి వేడి గాలి గానీ ఆయిల్ వాసన గానీ లోపలికి వస్తే, తొడుగు అంచు సరిగా కూర్చోలేదన్నమాట. కన్సోల్ ఎత్తి మళ్లీ సరిచేయాలి.