శ్రమ అంకె – 3వ పాఠం: తల అలసిన రోజున అంకె ఎందుకు పెరుగుతుంది?

పోయిన పాఠంలో 0 నుంచి 10 దాకా ఉండే శ్రమ కొలత నేర్చుకున్నాం. ఊరికే కూర్చుంటే 0, మామూలుగా మాట్లాడుతూ సాగిపోగలిగితే 3, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంటే 6 లేదా 7, ఇక ఒక్క అడుగు కూడా నా వల్ల కాదనిపిస్తే 10. ఒకే దారిలో ఒకే వేగంతో నాలుగు రోజులు గట్టిగా నడిచి గానీ జాగింగ్ చేసి గానీ ప్రతి 5 నిమిషాలకూ అంకె రాసుకోమని ఇంటిపని ఇచ్చాను. ఆ కాగితం ముందు పెట్టుకుని ఇది చదవండి. ఇంకా రాయనివాళ్లు కూడా చదవచ్చు, చివర్లో ఇచ్చిన పని మాత్రం ఆ నాలుగు రోజులూ పూర్తయ్యాకే.

నాలుగింటిలో ఒక రోజు మిగతావాటితో కలవకుండా ఉందేమో చూడండి. దారి అదే, వేగం అదే, పల్స్ చూసుకునేవాళ్లకి అదీ దాదాపు అంతే. అయినా మిగతా రోజుల్లో 15వ నిమిషం దగ్గర 4 ఉంటే ఆ రోజు 6 ఉంటుంది. తప్పు రాశాననుకుని దిద్దకండి. వ్యాయామానికి ముందు రెండు మూడు గంటలు ఏం చేశారో గుర్తు చేసుకుని దాని పక్కన రాయండి. లెక్కలు సరిచూశారా, పరీక్షకు చదివారా, మీటింగ్ మీద మీటింగ్‌లో కూర్చున్నారా? నిద్ర చాలకపోయినా, ఒంట్లో నలతగా ఉన్నా, వేడి ఎక్కువున్నా అంకె పెరుగుతుంది, కాబట్టి అవీ రాయండి. అవేవీ లేకుండానే పెరిగిందంటే మాత్రం కారణం వెతకాల్సింది కాళ్లలో కాదు.

తొంభై నిమిషాల బటన్ నొక్కుడు

ఈ విషయం మీద జరిగిన ఒక ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఇంటిపని కూడా దాని పద్ధతిలోనే ఉంటుంది. 2009లో వేల్స్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయంలో సామ్యుయేలే మార్కోరా, ఆయన సహచరులు 16 మందిని ల్యాబ్‌కి రెండుసార్లు పిలిచారు. ఒకసారి వాళ్లు 90 నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చోవాలి. తెరమీద ఒక్కో అక్షరం వచ్చి పోతుంటుంది. ఫలానా అక్షరం తర్వాత ఫలానాది వస్తే ఒక బటన్, మరేది వచ్చినా ఇంకో బటన్. చిన్నపిల్లలు కూడా చేయగల పనే, కానీ కన్ను, మనసు ఒక్క క్షణం పక్కకి పోవడానికి వీల్లేదు. ఇంకోసారి అదే 90 నిమిషాలు డాక్యుమెంటరీలు చూడాలి. అవీ రైళ్ల మీద, కార్ల మీద, ఎవరికీ గుండె దడ పెంచనివి.

తర్వాత రెండుసార్లూ అదే పరీక్ష. కదలని సైకిలెక్కి, తమ గరిష్ఠ సామర్థ్యంలో 80 శాతం బరువుతో, ఇక తొక్కలేమనేదాకా తొక్కాలి. డాక్యుమెంటరీ చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కారు. బటన్లు నొక్కిన రోజు 640 సెకన్లకే ఆపేశారు. అంటే దాదాపు రెండు నిమిషాల తేడా.

ఇక్కడ కాసేపు ఆగాలి. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు గట్టిగా పనిచేసినప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్ – ఇవన్నీ కొలిచి, ఒకే నిమిషం దగ్గర రెండు రోజుల లెక్కలూ పోల్చి చూస్తే ఈ తేడాను వివరించేది ఏమీ కనబడలేదు. పట్టుదల ఎంత ఉందో ప్రశ్నలు వేసి చూస్తే అందులోనూ తేడా లేదు. తేడా వచ్చింది ఒక్కచోటే, వాళ్లు చెప్పిన శ్రమ అంకెలో. తల అలసిన రోజు అంకె మొదటి నుంచే పైన ఉంది. పైనుంచి మొదలైంది కాబట్టి చివరి గీతను తొందరగా చేరింది, చేరగానే ఆపేశారు. ఆపినప్పటి అంకె రెండు రోజులూ దాదాపు ఒకటే. మీ కాగితంలో 4 ఉన్నచోట 6 వచ్చిందే, అది ఇదే.

ఇది ఈనాటి సంగతి కూడా కాదు. 19వ శతాబ్దం చివర్లో ఇటలీలోని ట్యూరిన్‌లో ఏంజెలో మోస్సో అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఒక పరికరం తయారుచేశాడు. నడివేలితో చిన్న బరువును మళ్లీ మళ్లీ లాగుతుంటే అది ఎంతెంత లేచిందో కాగితం మీద గీతలుగా పడుతుంది. తోటి అధ్యాపకుల చేత అది లాగిస్తే, విద్యార్థులకు గంటల తరబడి పరీక్షలు తీసుకున్న రోజున వాళ్ల వేలు తొందరగా చచ్చుబడింది. వేలు ఆ రోజంతా చేసిన పనేమీ లేదు!

మరి లోపల ఏం జరుగుతోంది?

ముందు ఒక అపోహ తీసేద్దాం. మెదడు మన బరువులో 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. ఇది విని 'తెగ ఆలోచిస్తే చక్కెరంతా మెదడే తినేస్తుంది, కాళ్లకి మిగలదు' అనుకుంటారు. అలా కాదు. ఆ 20 శాతం ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చే. కష్టమైన లెక్క చేస్తున్నప్పుడు దాని మీద పెరిగేది చాలా కొంచెం.

శ్రమ అనే అనుభూతి ఎక్కడి నుంచి వస్తుందన్న దానికి మార్కోరా వర్గం చెప్పే వివరణ వేరు. మెదడు కండరానికి 'లాగు' అని ఆజ్ఞ పంపినప్పుడు, పంపిన ఉత్తరానికి నకలు దగ్గర పెట్టుకున్నట్టు, ఆ ఆజ్ఞ తాలూకు సమాచారం మెదడులోని ఇంద్రియజ్ఞాన భాగాలకూ చేరుతుంది. ఆజ్ఞ ఎంత గట్టిగా పంపాల్సి వస్తే శ్రమ అంత ఎక్కువనిపిస్తుంది. కండరం అలసిపోతే అదే పని చేయించడానికి ఆజ్ఞ ఇంకా గట్టిగా పంపాలి, అందుకే ఒకే వేగంతో పరుగెత్తినా అంకె నెమ్మదిగా పైకి పాకుతుంది. తల అలసినప్పుడు కండరం బాగానే ఉన్నా అంకె పెరుగుతుంది. గంటల తరబడి దృష్టి నిలిపితే మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుందని, దాని వల్లే ఇలా జరుగుతుందని ఒక అంచనా. 2022లో పారిస్ పరిశోధకులు ఇంకోటి చూశారు. రోజంతా కష్టమైన మానసిక పనులు చేసినవాళ్లకు, నుదుటి వెనక ఉండే మెదడు పొరలో ఒక పక్క గ్లూటమేట్ అనే ఇంకో పదార్థం పోగుపడింది. తేలికైన పనులు చేసినవాళ్లలో అలా లేదు. కథ ఇంకా పూర్తి కాలేదు గానీ, తల అలసట వట్టి భ్రమ కాదని చెప్పడానికి ఇది చాలు.

అయితే 'అంతా మనసులోనే ఉంది' అని గోడలకి అంటించే మాటలున్నాయే, వాటికి ఇది సాక్ష్యం కాదు. 2009లోనే మార్కస్ అమాన్ బృందం సైక్లిస్టులకు వెన్నులో ఫెంటానిల్ అనే నొప్పి మందు ఇచ్చి, కాళ్ల నుంచి మెదడుకు వెళ్లే కబుర్లను చాలావరకు ఆపేసింది. తర్వాత 5 కిలోమీటర్లు తొక్కమన్నారు. కాళ్ల బాధ తెలియకపోవడంతో మొదట్లో రెచ్చిపోయి తొక్కారు, తర్వాత చతికిలపడ్డారు. మొత్తం మీద పట్టిన సమయంలో పెద్ద తేడా లేదు, కండరాలు మాత్రం మామూలు కంటే బాగా దెబ్బతిన్నాయి. కాళ్లు చెప్పేది వినకపోతే వేగాన్ని పంచుకోవడమే చేతకాదన్నమాట. కాబట్టి మనం నేర్చుకునేది అంకెను తొక్కిపెట్టడం కాదు. అది ఎందుకు పెరిగిందో పోల్చుకుని, దాన్ని బట్టి ఆ రోజు పని ఎంచుకోవడం.

ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు

తల అలసట దెబ్బ అన్ని వ్యాయామాల మీదా ఒకేలా పడదు. ఎక్కువసేపు సాగే పరుగు, సైకిలు, ఈత లాంటివి దెబ్బతింటాయి. బలమంతా పెట్టి ఒక్కసారి ఎత్తడం, ఎగరడం, కొన్ని సెకన్ల స్ప్రింటు లాంటివాటికి దాదాపు ఏమీ కాదు. అంత కొద్దిసేపట్లో 'ఇంకా సాగించాలా, ఆపాలా' అని మెదడు బేరమాడటానికి సమయమే ఉండదు. కానీ అదే బరువును ఇక ఎత్తలేననేదాకా ఎత్తుతూ పోవడం ఓర్పు పనే, దాన్ని మొదటి జాబితాలోనే వేసుకోండి. ఆటల సంగతి వేరు. తల అలసిన ఫుట్‌బాల్ ఆటగాళ్లకు పాస్‌లలో, షాట్‌లలో గురి తగ్గినట్టు ప్రయోగాల్లో తేలింది. కాబట్టి బుర్ర పనిచేయని సాయంత్రం కొత్త మెళకువ నేర్చుకోవడానికి కూర్చోకండి.

ఇంకో మాట. తొలి ప్రయోగాల్లో కనిపించినంత పెద్ద తేడా నిజంగా ఉందా అని 2020 తర్వాత గట్టి అనుమానాలు వచ్చాయి. అచ్చయిన ఫలితాలన్నీ కలిపి మళ్లీ లెక్కగట్టినవాళ్లు, ప్రభావం అనుకున్నదానికంటే చిన్నదే అయ్యుండొచ్చన్నారు. మనుషులు కూడా ఒకేలా లేరు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో అరగంట మానసిక పని తర్వాత 20 నిమిషాలు సైకిలు తొక్కమంటే, సరదాగా తొక్కేవాళ్ల పనితీరు తగ్గింది, ప్రొఫెషనల్ సైక్లిస్టులకు ఏమీ కాలేదు. మీరు ఎటువైపో మీ కాగితమే చెప్పాలి. అందుకే ఈ పాఠాల్లో సగటుల కంటే సొంత అంకెలకే ఎక్కువ విలువ ఇస్తున్నాను.

అంకెను చూసి పని ఎంచుకోవడం

బయల్దేరే ముందు ఇంకో అంకె రాయండి, దాన్ని తల అంకె అందాం. తల తేలిగ్గా ఉంటే 0, ఒక ఫోన్ కాల్ ఎత్తడానికి కూడా ఓపిక లేకపోతే 10. తర్వాత ఎప్పటి వేగంతోనే 10 నిమిషాల వార్మప్ చేసి శ్రమ అంకె చూసుకోండి. పాత కాగితంలో 10వ నిమిషం దగ్గర ఎక్కువ రోజులు ఏ అంకె ఉందో అది మీ మామూలు అంకె. ఈ రోజు అంకె దానికంటే 1 ఎక్కువైతే పట్టించుకోవద్దు. 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, తల అంకె కూడా పైనే ఉంటే వాచీలో వేగం చూడటం మానేయండి. అనుకున్నంత సేపు పరుగెత్తండి, వేగాన్ని మాత్రం అంకెకు వదిలేయండి. 5 దాటితే తగ్గించండి, దిగితే పెంచుకోండి. లేదా ఆ రోజు పొడవాటి పరుగు మానేసి చిన్న స్ప్రింట్లో, తక్కువసార్లు ఎత్తే బరువులో పెట్టుకోండి. 2 అనే గీత ల్యాబ్ నుంచి వచ్చింది కాదు, నేను గీసింది. కొన్ని వారాలయ్యాక మీకు సరిపోయేలా మార్చుకోండి. తల అంకె తక్కువగానే ఉండి శ్రమ అంకె ఒక్కటే పెరిగితే అది వేరే కథ. నిద్ర, జ్వరం, నిన్నటి వ్యాయామం గురించి ఆలోచించండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి శ్రమ అంకెలో కలిపేవి కావు, వెంటనే ఆపి డాక్టర్‌ని కలవాలి.

తప్పక ఓర్పు వ్యాయామమే చేయాల్సిన రోజున చేతిలో ఉన్న సాధనాల్లో నాకు బాగా నచ్చినది మనతో మనం మాట్లాడుకోవడం. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, 2014లో 24 మందితో చేసిన ప్రయోగంలో రెండు వారాలు దీన్ని సాధన చేసినవాళ్లు, ఇక తొక్కలేమనేదాకా తొక్కే పరీక్షలో 18 శాతం ఎక్కువసేపు నిలిచారు. ఒకే వేగం దగ్గర వాళ్ల శ్రమ అంకె కూడా తగ్గింది. కిటుకంతా మాటల ఎంపికలో ఉంది. ఎవరో చెప్పిన నినాదాలు పనికిరావు, మీ నోటికి సహజంగా వచ్చేవే కావాలి. మొదటి సగానికి ఒకటి, కష్టమయ్యాక ఒకటి పెట్టుకోండి. 'బాగానే ఉంది, ఇలాగే పోనీ' అన్నది మొదటి సగానికి. అంకె 7 తాకినప్పుడు 'లాగు, ఇంకొంచెమే' అన్నది. రెండోదాన్ని ముందే వాడేయకండి, అవసరమైనప్పుడు పస ఉండదు. మొదటి వారం గొణుక్కుంటూ, తర్వాత మనసులో అనుకుంటూ సాధన చేయండి. ఎవరైనా చూస్తే నవ్వుతారన్న మొహమాటం రెండు మూడు రోజుల్లో పోతుంది.

అలాగే అంకె పెరిగేకొద్దీ కనుబొమలు ముడిపడతాయి. ప్రతి 5 నిమిషాలకూ అంకె రాసేటప్పుడే నుదురు, దవడ వదులు చేయండి. 2018లో పరుగెత్తేవాళ్ల చేత ఒకసారి నవ్వించి, ఒకసారి ముఖం చిట్లింపజేసి కొలిస్తే, నవ్వినప్పుడు అదే వేగానికి ఆక్సిజన్ కాస్త తక్కువ పట్టింది. కాఫీలోని కెఫీన్ అడినోసిన్‌ను అడ్డుకుంటుంది కాబట్టి అదీ శ్రమ అంకెను తగ్గిస్తుంది. కానీ సాయంత్రం తాగితే రాత్రి నిద్ర పాడై, మర్నాటి అంకె పెరుగుతుంది. ఆ బేరం నాకు లాభసాటిగా కనిపించదు.

ఈ వారం పని

ఒకే దారి, ఒకే వేగం, 25 నిమిషాలు, రెండుసార్లు. ఒకటి నిద్ర లేచాక ఫోన్, కంప్యూటర్ ముట్టుకోకముందు. రెండోది ఇంకో రోజు, కనీసం గంటన్నర తల వంచుకుని చేసే పని అయిన వెంటనే. మధ్యలో విశ్రాంతి వద్దు, కాఫీ వద్దు. వీలైతే రెండూ ఒకే వేళకు చేయండి, ఎండ తేడా కలవదు. కుదరకపోతే వేళ కూడా రాయండి. రాసే తీరు ఇలా ఉండాలి: "మంగళవారం, సాయంత్రం 6:10. ముందు రెండు గంటలు లెక్కలు సరిచూశాను. తల అంకె 7. నిద్ర 7 గంటలు. శ్రమ: 3, 5, 5, 6, 7. నుదురు 20వ నిమిషంలో వదులు చేశాను." ఈ రెండు రోజుల్లో మీతో మీరు మాట్లాడుకునే ఆ మాటలు వాడకండి, వాటి సాధన మిగతా రోజుల్లో చేయండి. లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

4వ పాఠంలో ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి గీత గీస్తాం. మెదడుకు కూడా కావాలనే కొంచెం కొంచెం బరువు పెంచుతూ సాధన చేయించవచ్చా, దాన్ని ఏ రోజుల్లో పెట్టుకోవాలి అన్నదీ అక్కడే.