చవక మటన్ కత్తి కొనేముందు

సంతలో చవగ్గా దొరికే పెద్ద మటన్ కత్తి కొనొచ్చా అంటే, కొనొచ్చు, కాకపోతే మెరుపు చూసి మోసపోకండి. ముందు పిడి పట్టుకుని ఊపండి, కాస్త కదిలినా అక్కడే పెట్టేయండి. కత్తి ఇనుము పిడి లోపల చివరిదాకా వెళ్లి రివిట్లతో బిగిసి ఉండాలి. పొట్టి తోకని, అంటే పిడిలోకి వెళ్లే ఇనుప కొసని, చెక్కలో దూర్చి వదిలేసినవి ఎముక కొడుతుంటే ఊడొస్తాయి, నాది అలాగే ఊడి సింకులో పడింది, నయం, కాలి మీద పడలేదు. అంచుని కంటికి ఎదురుగా పెట్టి చూస్తే వంకర తెలిసిపోతుంది. ఎముకలకైతే కత్తి వీపు, అంటే పదును లేని వైపు, మందంగా ఉండాలి, కూరగాయలకి ఆ బరువు దండగ.

కమ్మరి లారీ కమాను పట్టీతో కొట్టిన నల్ల కత్తి మొరటుగా కనిపించినా పదును బాగా నిలుస్తుంది, తడి తుడిచి నూనె రాయకపోతే మాత్రం తుప్పు ఖాయం. పదును లేదని వదిలేయకండి, సాన పట్టిస్తే వస్తుంది.