కునుకు తీసే ముందే కాఫీ తాగండి

బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీస్ పక్క మెస్‌లో ఫుల్ మీల్స్ తిని వచ్చాక రెండింటికల్లా కళ్లు మూతలు పడిపోతాయి, పోనీ అని పడుకుంటే గంటన్నర పోయి లేచాక తల దిమ్ముగా ఉండేది. ఇప్పుడు రివర్స్‌లో చేస్తున్నా. ఒంటిగంటన్నరకి దర్శినిలో, అదే నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్లో, ఒక చిన్న గ్లాసు ఫిల్టర్ కాఫీ గబగబా తాగేసి (చప్పరిస్తూ కూర్చుంటే టైమ్ అక్కడే అయిపోతుంది), వెంటనే కుర్చీలో వెనక్కి వాలి కళ్ల మీద కర్చీఫ్ వేసుకుని 20 నిమిషాలకి అలారం పెట్టుకోవడమే. కాఫీ ఎక్కడానికి ఇంచుమించు అంతే టైమ్ పడుతుంది కాబట్టి అలారం మోగేసరికి అదీ పనిచేయడం మొదలెడుతుంది. నిద్ర పట్టకపోయినా పర్లేదు, ఊరికే కళ్లు మూసుకున్నా కొంచెం తేలికగా ఉంటుంది. మంచం మీద మాత్రం వద్దు, స్నూజ్ కొట్టారంటే అరగంట దాటి గాఢనిద్రలోకి వెళ్లిపోతారు, మళ్లీ అదే దిమ్ము. మూడు దాటాక అయితే అసలు ట్రై చేయకండి, నేనొకసారి నాలుగున్నరకి చేసి రాత్రి ఒంటిగంట దాకా ఫ్యాన్ చూస్తూ పడుకున్నా. రాత్రిళ్లు నిద్ర సరిగ్గా పట్టనివాళ్లకి, కాఫీ తాగితే గుండెదడ వచ్చేవాళ్లకి ఇది సెట్ అవ్వదు.