అంబాసిడర్ ఇంజన్‌కు క్రాంక్ సెన్సర్ బిగించే పద్ధతి

డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరుసగా కరెంట్ పంచే భాగం) లోపలి పాయింట్లు, కండెన్సర్ కొత్తవి వేసినా టైమింగ్ లైట్ (ప్లగ్గులో స్పార్క్ పడే క్షణాన వెలిగే లైట్) కింద పుల్లీ గుర్తు ఒక దగ్గర నిలవకుండా ఊగుతుంటే, ముందు డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ ఊపి చూడండి. ఊగితే దాని బుష్ అరిగి ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి అక్కడ ఒక డిగ్రీ ప్లే, అంటే వదులు, ఉంటే క్రాంక్ దగ్గర రెండు డిగ్రీలు తేడా వస్తుంది. టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే సమయాన్ని, నేరుగా క్రాంక్ పుల్లీ నుంచే తీసుకుంటే ఈ గోల ఉండదు.

కావాల్సినవి పుల్లీకి బిగించే పళ్ల చక్రం, ఆ పళ్లను గుర్తించే సెన్సర్, దాన్ని బట్టి స్పార్క్ ఎప్పుడివ్వాలో తేల్చే, ప్రోగ్రామ్ చేసుకునే ఇగ్నిషన్ బాక్స్, నాలుగు ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చే కాయిల్ ప్యాక్. చాలామంది బాక్సు గురించి టెన్షన్ పడతారు గానీ, నన్నడిగితే సగం పని లేత్ షాపులోనే తేలిపోతుంది.

చక్రానికి 36 పళ్లు కోయించి ఒకటి తీసేయించాలి. అంటే పన్నుకు 10 డిగ్రీలు. 150 మి.మీ. వ్యాసం పెడితే పన్ను, సందు చెరో ఆరున్నర మి.మీ. వస్తాయి, అది సరిపోతుంది. మైల్డ్ స్టీలే వాడాలి, అల్యూమినియం వద్దు. మిర్యాలగూడలో రైస్ మిల్లు పనులు చేసే షాపుల్లో డివైడింగ్ హెడ్ (చక్రాన్ని సమాన భాగాలుగా తిప్పే పరికరం) ఎవరి దగ్గరుందో అడగండి, అది ఉంటే పళ్లు సమానంగా వస్తాయి. పుల్లీ మధ్యలో రబ్బరు ఉంటే చక్రాన్ని బయటి రింగుకు కాకుండా లోపలి హబ్‌కే బిగించాలి, ఎందుకంటే రబ్బరు జారితే టైమింగ్ కూడా దాంతోపాటే జారుతుంది. బిగించాక డయల్ గేజ్ (ఊగును కొలిచే ముల్లు గేజ్) పెట్టి తిప్పండి, 0.1 మి.మీ. కంటే ఎక్కువ ఊగితే మళ్లీ లేత్ ఎక్కించాల్సిందే.

సెన్సర్ విషయానికొస్తే, రెండు వైర్ల మాగ్నెటిక్ రకం స్టార్టర్ తిప్పే నెమ్మది వేగంలో బలహీనమైన సిగ్నల్ ఇస్తుంది. మూడు వైర్ల హాల్ సెన్సర్‌కు ఆ ఇబ్బంది లేదు, కాకపోతే లోపల అయస్కాంతం ఉన్న రకమే కొనాలి. బ్రాకెట్ 6 మి.మీ. ప్లేట్‌తో చేయించి రెండు బోల్టులతో బ్లాకుకే బిగించండి. రేకు టైమింగ్ కవర్‌కు బిగిస్తే అది వణుకుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు కొంచెం కదిలినా ఆ బ్రాకెట్ పనికిరాదు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకులు) పెట్టి సెన్సర్‌కూ పళ్లకూ మధ్య గ్యాప్ 0.75 మి.మీ. దగ్గర పెట్టండి. వైర్ షీల్డ్ ఉన్నది తీసుకుని షీల్డ్‌ను బాక్సు వైపు మాత్రమే ఎర్త్ చేయాలి. మే నెల నల్లగొండ ఎండలో బానెట్ కింద వేడి ఎంతుంటుందో మీకు తెలుసు కదా, కాబట్టి ఆ వైర్‌ను వేడెక్కే మానిఫోల్డ్ (పొగ గొట్టాల) వైపు కాకుండా డిస్ట్రిబ్యూటర్ వైపు నుంచి తీసుకెళ్లండి, ప్లగ్ వైర్లకు మాత్రం దూరంగా.

తర్వాత టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ప్లగ్గులన్నీ విప్పి, ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను పూర్తిగా పైకి రాకుండా ఆపే పనిముట్టు) పెట్టి, క్రాంక్‌ను చేత్తో ఒకవైపు తిప్పి ఆగిన చోట గుర్తు, రెండోవైపు తిప్పి ఆగిన చోట ఇంకో గుర్తు పెట్టండి. రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉన్నదే టీడీసీ. టీడీసీకి 90 డిగ్రీల ముందు, పన్ను లేని చోటు సెన్సర్ ఎదురుగా రావాలి. అంటే అక్కడి నుంచి తొమ్మిదో పన్ను సెన్సర్ ముందుకొచ్చేసరికి పిస్టన్ పైన ఉంటుంది.

కాయిల్ ప్యాక్‌లో 1, 4 ఒక జత, 2, 3 ఇంకో జత. బాక్సులో టైమింగ్‌ను టీడీసీకి 10 డిగ్రీల ముందు లాక్ చేసి, స్టార్ట్ చేసి లైట్ కొట్టండి. గుర్తు 10 దగ్గర లేకపోతే బాక్సులో కోణం సరిచేయండి, సెన్సర్‌ను కదపొద్దు. లాక్ చేసి ఉన్నా రేస్ పెంచేకొద్దీ గుర్తు జరుగుతోందా? మాగ్నెటిక్ సెన్సర్ అయితే రెండు వైర్లు తారుమారై ఉంటాయి, మార్చి మళ్లీ చూడండి. గుర్తు కదలకుండా నిలిచాకే డిస్ట్రిబ్యూటర్ పీకండి, ఆ రంధ్రానికి గ్యాస్కెట్ వేసి ప్లేట్ బిగించండి, లేకపోతే ఆయిల్ కారుతుంది.