ఇంగ్లీషు వ్యాకరణ సందేహాలను మన తెలుగు వాక్యంతోనే తీర్చుకోవడం ఎలా?

విశాఖపట్నంలో ఓడల మరమ్మతు పనిచేసే ఒక యువకుడు కొంతకాలం క్రితం తన ఉద్యోగ దరఖాస్తును దిద్దిపెట్టమని నా దగ్గరకు తెచ్చాడు. అందులో మొదటి వాక్యం ‘ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ ఫీల్డ్ సిన్స్ త్రీ ఇయర్స్’ అని ఉంది. దాని కిందనే అదే మాటను తెలుగులో రాయమంటే, ‘మూడేళ్ల నుంచి ఈ రంగంలో పనిచేస్తున్నాను’ అని తడుముకోకుండా రాశాడు. ఆ తెలుగు వాక్యంలో వంక పెట్టడానికేమీ లేదు. ‘నుంచి’ అన్నచోట ‘సిన్స్’, ‘చేస్తున్నాను’ అన్నచోట ‘యామ్ వర్కింగ్’ పెట్టి, అతడు తన భాషను నమ్మకంగా అనువదించాడు. మన ఇంగ్లీషు తప్పుల్లో చాలావరకు ఇలాంటివే కనుక, వాటిని దిద్దుకోవడం కూడా తెలుగు వాక్యం దగ్గరే మొదలుపెట్టాలని ఎన్నో ఏళ్ల బోధన తరువాత నాకు గట్టిగా అనిపిస్తోంది.

మొదట: రెండు వరుసల నోటుపుస్తకం

సందేహం వచ్చిన ఇంగ్లీషు వాక్యాన్ని ఒక వరుసలో, అదే అర్థాన్ని మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో దాని కింది వరుసలో రాయండి. తెలుగు వరుసలో కాలాన్ని చెప్పే మాట కింద, నామవాచకాల కింద, లో, కి, తో, నుంచి వంటి విభక్తి ప్రత్యయాల కింద గీత గీయండి. తప్పు సాధారణంగా ఆ గీతల దగ్గరే దొరుకుతుంది. మూడో వరుసను ఖాళీగా ఉంచండి. దాని అవసరం చివర్లో వస్తుంది.

‘నుంచి’ ఉన్న వాక్యాలు

తెలుగులో ‘2019 నుంచి’ అన్నా ‘మూడేళ్ల నుంచి’ అన్నా ప్రత్యయం ఒకటే. ఇంగ్లీషు మాత్రం పని మొదలైన క్షణాన్ని చెప్పేటప్పుడు ‘సిన్స్’ను, గడిచిన కాలం పొడవును చెప్పేటప్పుడు ‘ఫర్’ను వాడుతుంది. ఈ తేడాను పట్టుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. ‘నుంచి’ని తీసేసి ‘గా’ పెట్టి చదవండి. ‘మూడేళ్లుగా పనిచేస్తున్నాను’, ‘గంటగా నిలబడి ఉన్నాను’ అన్నవి చక్కగా అతుకుతాయి కాబట్టి అక్కడ ‘ఫర్’ వాడాలి. ‘సోమవారంగా’, ‘2019గా’ అని ఏ తెలుగువాడూ అనడు కాబట్టి అక్కడ ‘సిన్స్’ వాడాలి. ‘చిన్నప్పటి నుంచి’ అన్నది కూడా ఈ రెండో కోవలోకే వస్తుంది.

సగం పని అక్కడితో అయింది. మిగతా సగం క్రియలో ఉంది. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి తెలుగు వర్తమాన క్రియనే వాడుతుంది, ఇంగ్లీషుకు అది చాలదు. అందువల్ల ‘నుంచి’ కనబడి, పని ఇంకా సాగుతున్నట్లయితే ‘యామ్’ స్థానంలో ‘హావ్ బీన్’ రావాలి. ఆ యువకుడి వాక్యం ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ ఫీల్డ్ ఫర్ త్రీ ఇయర్స్’ అని మారింది.

దీనికి ఎదురు తప్పు కూడా ఒకటి ఉంది. ‘దరఖాస్తు ఇచ్చాను’ అనే ఒక్క తెలుగు వాక్యం ‘ఐ గేవ్’, ‘ఐ హావ్ గివెన్’ రెండింటికీ సరిపోతుంది కనుక, మర్యాదగా వినిపిస్తుందన్న భ్రమతో చాలామంది ప్రతిచోటా ‘హావ్’ చేరుస్తారు. నిన్న, పోయిన వారం, ఫలానా సంవత్సరంలో అంటూ ముగిసిపోయిన కాలాన్ని చెప్పినప్పుడు ‘హావ్’, ‘హాజ్’ రాకూడదు. మన విశాఖ షిప్‌యార్డులో కట్టిన జల ఉష అనే ఓడ 1948లో జలప్రవేశం చేసింది. ఈ మాటను ‘వాజ్ లాంచ్డ్ ఇన్ 1948’ అనాలే తప్ప ‘హాజ్ బీన్ లాంచ్డ్ ఇన్ 1948’ అనకూడదు. కాలం చెప్పకుండా ‘ఇదివరకే’ అన్నప్పుడు మాత్రం ‘ఐ హావ్ ఆల్రెడీ గివెన్’ సరైనది.

పాలు, నీళ్లు, ప్యాంటు

తెలుగులో పాలు విరిగిపోతాయి, నీళ్లు వస్తాయి, వార్తలు మొదలవుతాయి. ఈ మూడూ మనకు బహువచనాలే. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, న్యూస్ మూడూ ఏకవచన క్రియనే తీసుకుంటాయి. తెలుగులో ప్యాంటు చిరుగుతుంది, కత్తెర కనిపించకుండా పోతుంది. ఇంగ్లీషులో ట్రౌజర్స్, సిజర్స్ బహువచనాలు. సలహాలు, సమాచారాలు అని మనం లెక్కపెట్టే వాటిని ఇంగ్లీషు లెక్కపెట్టదు కనుక ‘అడ్వైజెస్’, ‘ఇన్ఫర్మేషన్స్’, ‘ఫర్నిచర్స్’ అనే మాటలు లేవు. ఒక సలహా అని తప్పనిసరిగా చెప్పవలసి వస్తే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి. ఇందుకు భిన్నంగా, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అనే తప్పును మన తెలుగే దిద్దుతుంది. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అనేటప్పుడు బహువచనం సహజంగానే వస్తుంది కదా, అదే ‘ఫ్రెండ్స్’లోని చివరి అక్షరం.

‘ఎ’, ‘యాన్’, ‘ది’

అచ్చుల ముందు ‘యాన్’ అని బడిలో నేర్చుకున్న సూత్రం ఇంగ్లీషు అక్షరాలకు కాక శబ్దానికి వర్తిస్తుంది. ఇక్కడ మన లిపి ఒక పెద్ద వరం. పలికినట్టే రాసే లిపి కాబట్టి, ఆ ఇంగ్లీషు మాటను తెలుగులో రాసి చూడండి. మొదటి అక్షరం అచ్చయితే ‘యాన్’, హల్లయితే ‘ఎ’. అవర్, ఎమ్మెల్యే అనే మాటలు అచ్చుతో మొదలవుతాయి కాబట్టి ‘యాన్ అవర్’, ‘యాన్ ఎమ్మెల్యే’ అనాలి. యూనివర్సిటీలో మొదటిది యకారం కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’ అనాలి. అందుకే 1926లో ఏర్పడిన మన విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థిని ‘ఎ యూనివర్సిటీ స్టూడెంట్’ అనీ, పేరుతో చెబితే ‘యాన్ ఆంధ్రా యూనివర్సిటీ స్టూడెంట్’ అనీ అనాలి. వన్‌టౌన్‌లో ఉండే మనిషి వకారం వల్ల ‘ఎ వన్‌టౌన్ రెసిడెంట్’ అవుతాడు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ఎగ్‌ను ‘యెగ్గు’ అని పలికే అలవాటు మనలో ఉంది కనుక, మన యాసలో కాక నిఘంటువు చూపే ఉచ్చారణలో రాసుకోవాలి.

‘ది’కి మాత్రం లిపి సాయపడదు, సందర్భాన్నే చూడాలి. ‘బస్సు వచ్చింది’ అనే వాక్యాన్ని తీసుకోండి. మద్దిలపాలెం స్టాపులో మీరూ మీ పక్కనున్నవారూ ఎదురుచూస్తున్న బస్సే వస్తే అది ‘ది బస్’, ఏదో ఒక బస్సు వస్తే ‘ఎ బస్’. వినేవారు ‘ఏ బస్సు?’ అని అడగవలసిన అవసరం లేకపోతే ‘ది’ పెట్టవచ్చు. పేర్ల విషయంలో సముద్రాలు, అఖాతాలు, నదులకు ‘ది’ వస్తుంది; ‘ది బే ఆఫ్ బెంగాల్’, ‘ది గోదావరి’ అంటాం. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ వంటి విడి కొండల పేర్లకు రాదు.

విభక్తులు ఎక్కడ సాయపడతాయి, ఎక్కడ మోసగిస్తాయి?

కాలాన్ని చెప్పేటప్పుడు మన విభక్తులు ఎంత చక్కగా దారి చూపుతాయో గమనించండి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది. తేదీ‘న’ అన్నచోట ‘ఆన్’, అక్టోబరు‘లో’ అన్నచోట ‘ఇన్’, అయిదు గంటల‘కు’ అన్నచోట ‘ఎట్’ వస్తాయి. ‘ఇన్ ద మార్నింగ్’, ‘ఎట్ నైట్’ వంటి కొన్నింటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. క్రియల దగ్గర మాత్రం విభక్తిని నమ్మకూడదు. ఫలానా అతని‘తో’ పెళ్లయింది అనడానికి ‘మారీడ్ టు’ వాడాలి, ‘విత్’ కాదు. దాని ‘గురించి’ చర్చించాం అనడానికి ‘డిస్కస్డ్ ఇట్’ చాలు, ‘అబౌట్’ అక్కరలేదు. స్టేషను‘కు’ చేరాను అనడానికి ‘రీచ్డ్ ద స్టేషన్’ చాలు, ‘టు’ అక్కరలేదు.

అవును, రాలేదు

‘నిన్న మీరు రాలేదా?’ అంటే తెలుగులో ‘అవును, రాలేదు’ అంటాం, ఎందుకంటే అడిగినవారి మాట నిజమని ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీషు జవాబు ప్రశ్నతో ఏకీభవించదు, జరిగిన సంగతితో ఏకీభవిస్తుంది. రాలేదు కాబట్టి ‘నో, ఐ డిడ్ంట్’ అనాలి. ఇంటర్వ్యూలో ‘యెస్’ అని ఆగిపోయినవారిని వచ్చినట్టుగా అర్థం చేసుకుంటారు కనుక, ఈ ఒక్క అలవాటును గట్టిగా చెప్పుకొని సాధన చేయాలి. అలాగే ‘నిన్ననే’లోని ఏకారాన్ని ‘యెస్టర్‌డే ఓన్లీ’గా మార్చకుండా ‘ఓన్లీ యెస్టర్‌డే’ అనండి. ప్రశ్నలో సహాయక క్రియ కర్తకు ముందు రావాలి కాబట్టి ‘వై యూ ఆర్ లేట్?’ అన్నది ‘వై ఆర్ యూ లేట్?’ కావాలి.

చివర: నిఘంటువు, మూడో వరుస

భాష నేర్చుకునేవారి కోసం తయారుచేసిన ఇంగ్లీషు నిఘంటువును వాడండి. నామవాచకం పక్కన ‘సీ’ అనే అక్షరం ఉంటే అది లెక్కపెట్టదగినది, ‘యూ’ ఉంటే కానిది. క్రియ తరువాత ఏ విభక్తి పదం రావాలో ఉదాహరణ వాక్యంలోనే కనబడుతుంది. కొన్ని మాటలను ఉద్దేశపూర్వకంగా వదలనవసరం లేదు. అనుకున్నదానికన్నా ముందు తేదీకి మార్చడాన్ని చెప్పే ‘ప్రీపోన్’ ఎక్కువగా భారతీయుల ఇంగ్లీషులోనే వినబడే మాటే అయినా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చోటు సంపాదించుకుంది. మన దేశంలోని ఉత్తరంలో దాన్ని నిస్సంకోచంగా వాడవచ్చు, విదేశానికి రాసే ఉత్తరంలో అర్థం కాకపోవచ్చు కాబట్టి ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అని రాయడం మేలు. ‘ఐ హావ్ ఎ డౌట్’ విషయంలో మాత్రం నేను కొంచెం కచ్చితంగానే ఉంటాను. చాలాచోట్ల అది అడిగేవారి ప్రశ్నలా కాక ఎదుటివారి మాటపై అపనమ్మకంలా వినబడుతుంది, అందుకే ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి.

నిఘంటువులో దొరికిన ఉదాహరణ వాక్యాన్ని ఇంతదాకా ఖాళీగా ఉంచిన మూడో వరుసలో, మీ పనికీ మీ ఊరికీ సంబంధించిన మాటలతో మార్చి రాయండి. వారం తరువాత ఇంగ్లీషు ఉన్న మొదటి, మూడో వరుసలను మూసి, తెలుగు వాక్యాన్ని మరొకరిచేత చదివించుకుని, ఇంగ్లీషు వాక్యాన్ని చూడకుండా పైకి చెప్పండి. చెప్పలేకపోయిన వాక్యాలకు గుర్తు పెట్టి, మళ్లీ వారానికి అవే చదివించుకోండి.