మన ఇంటి నీళ్ల పైపు సీసమేనా? 3వ పాఠం: గోకి చూడటం

పోయిన పాఠంలో ఇల్లు ఏ ఏడాది కట్టారో కనుక్కున్నాం. షికాగోలో ఉండేవాళ్లకి ఆ ఒక్క సంఖ్యే సగం సంగతి చెప్పేస్తుంది. తాగునీటికి సీసం పైపులు కొత్తగా వేయకూడదని 1986లో అమెరికా అంతటికీ చట్టం వచ్చింది. అప్పటిదాకా షికాగో ప్లంబింగ్ కోడ్ ఏమనేదంటే, వీధి కింది పెద్ద నీళ్ల పైపు (మెయిన్) నుంచి ఇంటికి వచ్చే చిన్న లైన్‌కి సీసమే వాడాలి. వాడొచ్చు అని కాదు, వాడాలి అని. అందుకే దేశంలో మరే ఊరికీ లేనన్ని సీసం లైన్లు, దాదాపు 4 లక్షలు, ఇక్కడ పోగుపడ్డాయి. మీ ఇల్లు 1986కి ముందుదైతే ఈ పాఠాన్ని బేస్‌మెంట్‌లో నిలబడి చదవండి. తర్వాతిదైతే టీ పెట్టుకుని సోఫాలో చదువుకోవచ్చు, పాత ఇల్లు కూల్చి ఆ పాత లైన్‌నే కొత్త ఇంటికి తగిలించి ఉంటే తప్ప.

కావలసినవి మూడే: ఫోన్ టార్చి, ఒక తాళంచెవి, ఒక అయస్కాంతం. ఫ్రిజ్ మీద అంటించుకున్నదైనా సరే. వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్నదైతే మాత్రం అక్కడే ఉంచి వేరేది తీసుకోండి.

ముందుగా, ఎక్కడ చూడాలి? అందరూ తప్పేది ఇక్కడే. నేనూ తప్పాను. మేం కొన్న ఇల్లు 1920ల నాటిది. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో నీళ్ల పైపులు కాపర్ అని రాసి ఉంటే, హమ్మయ్య అనుకుని ఫైల్‌లో పెట్టేశాను. తీరా చూస్తే ఇన్‌స్పెక్టర్ చూసింది నీళ్ల మీటర్ దాటాక వంటింటికి, బాత్రూమ్‌కి పోయే పైపుల్ని. అవి ఎప్పుడో ఎవరో మార్చినవి. మనకు కావలసింది మీటర్‌కి ఇవతల కాదు, అవతల. అంటే వీధి వైపు గోడలోంచో నేలలోంచో పైకి వచ్చి, మీటర్‌కో మెయిన్ వాల్వ్‌కో తగులుకునే ఆ కాస్త ముక్క. ఒక్కోసారి అది జానెడు కూడా ఉండదు. మీటర్ బయట గుంటలో ఉన్న ఇళ్లలో మెయిన్ వాల్వ్‌నే గుర్తు పెట్టుకోండి. ఆ ముక్క ఎదురుగా అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి, అన్ని ఇళ్లలోనూ అంతే.

దొరికిందా? గోకకముందే ఒకసారి ఆకారం చూడండి. సీసం మెత్తన. తిన్నగా నిలబడదు, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. అతుకు దగ్గర గుడ్డు మింగిన పాములా ఉబ్బెత్తుగా, నున్నగా ఉంటుంది. పాతకాలం ప్లంబర్లు కరిగిన టంకాన్ని గుడ్డతో తుడుస్తూ వేసిన అతుకు అది. అలా ఉబ్బు కనిపిస్తే నాకు సగం అనుమానం తీరిపోయినట్టే.

ఇప్పుడు తాళంచెవి అంచుతో పైపు మీద అర అంగుళం మేర మెల్లగా గీయండి. కత్తి, స్క్రూడ్రైవర్ వద్దు. వందేళ్ల పైపుతో కుస్తీ పడితే బేస్‌మెంట్ చెరువవుతుంది. పైపుకి రంగు వేసి ఉంటే ఇంకాస్త జాగ్రత్త. ఇళ్లకి వేసే రంగుల్లో సీసాన్ని ఇక్కడ 1978లోనే నిషేధించారు కానీ, అంతకుముందు వేసిన రంగులో అది ఉండొచ్చు. పిల్లల్ని దగ్గరికి రానీయకండి. రాలిన పొడిని తడి పేపర్ టవల్‌తో తుడిచి పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

గీత పడిన చోట చింతపండుతో తోమిన చెంబు రంగు కనిపిస్తే అది రాగి. తాళంచెవి సులువుగా దిగి, మసక బూడిద రంగు కింద వెండిలా తళతళ మెరిస్తే, అయస్కాంతం అంటుకోకపోతే, అది సీసం. చేపల వలకి కట్టే గుళ్లని ఎప్పుడైనా గీకి చూసినవాళ్లకి ఈ మెరుపు కొత్తేం కాదు. గీత సరిగా దిగకుండా బూడిద రంగుగానే ఉండి, అయస్కాంతం టప్పున అతుక్కుంటే మనకు ఊళ్లో తెలిసిన జీఐ పైపే, అంటే జింక్ పూత వేసిన ఇనుప పైపు. ప్లాస్టిక్ అయితే చూడగానే తెలిసిపోతుంది.

జీఐ అని తేలగానే ఊపిరి పీల్చుకోకండి. దానికి ఎగువన ఎప్పుడైనా సీసం లైన్ ఉండి ఉంటే, అక్కడి నుంచి కొట్టుకొచ్చిన సీసం లోపలి తుప్పులో పేరుకుని, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా నీళ్లలోకి వదులుతూ ఉంటుంది. అందుకే ఫెడరల్ నిబంధనల్లో అలాంటి పైపునీ మార్చవలసిన జాబితాలోనే చేర్చారు. రాగి కనిపించినా మీరు చూసింది గోడ లోపలి ముక్కనే. వెనకటికి లీకైనప్పుడు ఇంటి వైపు భాగం మాత్రమే మార్చి, మిగతాది మట్టిలో అలాగే వదిలేసి ఉండొచ్చు. ఆ సంగతి తేలేది ఊరి రికార్డుల్లోనే.

పోయిన పాఠం చూసి మా అత్తగారు అడిగారు, "కాచి చల్లారిస్తే పోదా?" అని. పోదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, సీసం చావదు. ఆవిరైపోయేది నీళ్లే కాబట్టి మిగిలినదాంట్లో సీసం శాతం ఇంకా పెరుగుతుంది. పసిపిల్లల పాలపొడికి కాచిన నీళ్లు వాడే అలవాటు మన ఇళ్లలో గట్టిది కాబట్టి ఇంతగా చెబుతున్నాను. తొందరగా మరుగుతాయని వేడినీళ్ల కుళాయి నుంచి పట్టి అన్నం వండటం కూడా మానేయండి, వేడినీళ్లు సీసాన్ని ఎక్కువ కరిగిస్తాయి. సీసం అని తేలినా, అనుమానం ఉన్నా, ఈ రోజు నుంచే తాగడానికీ వంటకీ ఫిల్టర్ వాడండి. పెట్టె మీద ఎన్‌ఎస్‌ఎఫ్ 53 (ఫిల్టర్ల ప్రమాణం నంబరు) అని, దాంతోపాటు సీసం తగ్గిస్తుందని కూడా రాసి ఉండాలి. రుచి, వాసన బాగుచేసే 42 నంబరు ఒక్కటే ఉన్నది ఈ పనికి చాలదు.

ఇంటిపని: గీయకముందు ఒక ఫోటో, గీశాక ఒకటి, అయస్కాంతం పెట్టి ఒకటి తీసి ఉంచుకోండి. ఏదీ తేల్చుకోలేకపోతే కాగితం మీద "తెలియదు" అని రాయండి. 2024 అక్టోబరు 16 నాటికి ప్రతి నీటి సరఫరా సంస్థా తన లైన్ల జాబితా తయారు చేయాలని ఫెడరల్ నిబంధన గడువు పెట్టినప్పుడు, ఆ జాబితాల్లో కూడా "తెలియదు" అనే గడి ఉంది.

నాలుగో పాఠంలో ఆ జాబితాలో మన చిరునామా వెతుకుదాం. తర్వాత షికాగో నగర సేవల నంబరు 311కి ఫోన్ చేసి ఉచితంగా తెప్పించుకునే టెస్ట్ కిట్‌తో నీళ్లు పట్టడం నేర్చుకుందాం. పట్టాల్సింది పొద్దున్నే, కనీసం ఆరు గంటలు ఇంట్లో ఏ కుళాయీ తిప్పకుండా ఉన్నాక. ఆ రాత్రి ఎవరూ ఫ్లష్ కూడా చేయకూడదని ఇంట్లోవాళ్లని ఎలా ఒప్పిస్తారో ఇప్పటి నుంచే ఆలోచించుకోండి.